పాత కారు స్పేర్ పార్టు, ఆన్‌లైన్ పాట

పాత కార్లని బతికించుకుంటూ వస్తున్నవాళ్లకి ఒకప్పుడు స్పేర్ పార్టు దొరకడమే గగనం. ఇప్పుడు దొరకడం అంత కష్టం కాదు, ఎంతకి కొనాలన్నదే కష్టం. ఇంగ్లండులో ఏ పల్లెటూరి షెడ్డులోనో అటక మీద పడి ఉన్న 1960ల నాటి ఎమ్‌జీబీ కారు కార్బొరేటర్లని ఎవరైనా ఫొటో తీసి ఈబేలో పెడితే, గంట తిరక్కుండానే వాటిని కాలిఫోర్నియాలోనూ మెల్‌బోర్న్‌లోనూ హైదరాబాదులోనూ చూసేవాళ్లున్నారు. వారమో పది రోజులో పాట నడుస్తుంది. గడువు ముగిసే క్షణానికి ఎవరిది హెచ్చు పాటైతే సామాను వాళ్లది. ఇలాంటి పాటలో నెగ్గాలంటే ఏం చెయ్యాలని అడిగితే ఎక్కువమంది చెప్పే కిటుకు ఒక్కటే: చివరిదాకా కదలకుండా కూర్చుని ఆఖరి అయిదు సెకన్లలో పాడమని. అందులో నిజముంది, ఎందుకుందో తరవాత చెబుతాను. కాని పాత కారు సామాను కొనేవాడు బాగుపడేదీ మునిగేదీ గడియారం దగ్గర కాదు. ఆ వస్తువు తన కారుకి, తన చేతికి అందేసరికి ఎంత విలువ చేస్తుందో పాడకముందే కాగితం మీద తేల్చుకున్నాడా లేదా అన్నదాని దగ్గరే చాలావరకూ తేలిపోతుంది. ఈ మాట నిలబడుతుందో లేదో ఆధారాలతో పరిశీలిద్దాం.

ముందు పాట నడిచే పద్ధతి చూడాలి. ఈబేలో మనం ఒక గరిష్ఠ మొత్తం చెబుతాం. ఆ అంకె ఎవరికీ కనపడదు. మన తరఫున సైటే, అవసరమైనంత మేరకు మాత్రమే, మెట్టు మెట్టుగా పాడుకుంటూ పోతుంది. మనం 300 పౌండ్లు అని చెప్పి, మన తరవాతివాడు 180 దగ్గర ఆగిపోతే, మనం కట్టేది 300 కాదు, 180 మీద ఒక మెట్టు. అంటే మనం ఎంత కట్టాలో నిర్ణయించేది మన అంకె కాదు, మనతో పోటీపడి ఓడినవాడి అంకె. ఈ తీరు పాటలో ఎవరికైనా మంచిదేమిటంటే, వస్తువు తనకి నిజంగా ఎంత విలువో అంతే చెప్పడం. తక్కువ చెబితే చేతికి రావలసింది జారిపోవచ్చు, ఎక్కువ చెబితే విలువకి మించి కట్టాల్సి రావచ్చు. ఈ సంగతిని 1961లోనే లెక్కకట్టి నిరూపించినవాడు విలియం విక్రీ అనే ఆర్థికశాస్త్రవేత్త. ఆన్‌లైన్ పాటలు అప్పటికి ఎవరి ఊహలోనూ లేవు. ఆయనకి 1996లో నోబెల్ బహుమతి ప్రకటించారు. ప్రకటించిన మూడు రోజులకే ఆయన కన్నుమూశారు.

విక్రీ చెప్పినట్టే లోకం నడిస్తే ఎప్పుడు పాడామన్నది అసలు లెక్కలోకే రాకూడదు. మొదటి రోజు చెప్పినా చివరి సెకనులో చెప్పినా ఫలితం ఒకటే కావాలి. కాని జనం అలా పాడరు. ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఒకెన్‌ఫెల్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఈబే పాటలనీ, అప్పట్లో అమెజాన్ కూడా నడిపిన పాటలనీ పక్కపక్కన పెట్టి చూసి 2002లో ఒక వ్యాసం ప్రచురించారు. ఈబేలో గడువు కచ్చితం, గంట కొట్టగానే పాట అయిపోతుంది. అమెజాన్‌లో చివర్లో ఎవరైనా పాడితే గడువు మరో పది నిమిషాలు జరిగేది. ఈబేలో కంప్యూటర్ల పాటల్లో 40 శాతం, పురాతన వస్తువుల పాటల్లో 59 శాతం చివరి అయిదు నిమిషాల్లోనే ఆఖరి పాట అందుకున్నాయి. అమెజాన్‌లో ఈ లెక్క రెండు రకాల్లోనూ దాదాపు 3 శాతమే. ఇక్కడ నన్ను ఆపేది 40కీ 59కీ మధ్య ఉన్న తేడా. కంప్యూటర్ ధర అంగడిలో అందరికీ తెలిసిందే. పురాతన వస్తువు ధర తెలిసినవాడికే తెలుసు. తెలిసినవాడు ముందుగా పాడితే, అతని పాటే మిగతావాళ్లకి సమాచారం అయిపోతుంది: ఇతను చెయ్యి పెట్టాడంటే సరుకు అసలైనదే అన్నమాట. అందుకే ఎరిగినవాళ్లు చివరిదాకా నోరు మెదపరు. పాత కారు సామాను ఈ రెండో కోవకే చెందుతుంది. అక్కడ వేగం కన్నా ముందు కావలసింది దాచుకోదగ్గ సమాచారం. అది లేనివాడు ఆఖరి సెకనులో పాడినా అతని దగ్గర దాచడానికి ఏమీ ఉండదు.

ఆ సమాచారం ఎలా ఉంటుందో ఇందాకటి ఎమ్‌జీబీ కార్బొరేటర్ల జతనే దగ్గరగా చూద్దాం. 1962 నుంచి 1980 దాకా 5 లక్షలకు పైగా తయారైన కారు అది. మన అంబాసిడర్‌లో దశాబ్దాలు పనిచేసిన 1489 సీసీ ఇంజిన్, ఎమ్‌జీబీలోని 1798 సీసీ ఇంజిన్ ఒకే బీ సిరీస్ కుటుంబంలోవి. 1960ల నాటి ఎమ్‌జీబీకి ఎస్‌యూ కంపెనీ కార్బొరేటర్లు రెండు పక్కపక్కన ఉంటాయి. చూడ్డానికి ఎస్‌యూ కార్బొరేటర్లన్నీ అక్కచెల్లెళ్లలా ఉంటాయి. ఏది ఏ కారుకి తయారైందో చెప్పేది ఫ్లోట్ చాంబర్ మూత మీది మర కింద బిగించిన చిన్న అల్యూమినియం బిళ్ల. దాని మీద ఏయూడీ అన్న అక్షరాల తరవాత ఒక నంబరు అచ్చు గుద్ది ఉంటుంది. విప్పినప్పుడల్లా ఆ బిళ్ల పోతూ ఉంటుంది కాబట్టి బిళ్ల ఉన్న జతకీ లేని జతకీ తేడా ఉంది. ఇక పైన గోపురంలా కనిపించే భాగం, దానిలో పైకీ కిందికీ ఆడే పిస్టన్, ఈ రెండూ ఫ్యాక్టరీలో ఒకదానికొకటి సరిచూసి జోడించినవి. ఒక కార్బొరేటర్ గోపురం రెండో దానికి మారిందంటే పిస్టన్ సాఫీగా జారదు. థ్రాటిల్ కడ్డీ ఇరుసు దగ్గర అరిగితే ఆ సందులోంచి గాలి దూరి ఇంజిన్ ఐడ్లింగ్ నిలకడ తప్పుతుంది. కడ్డీని వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదిపితే ఆ అరుగుదల క్షణంలో తెలుస్తుంది. ఫొటోలో ఎన్నటికీ తెలియదు. మెరుగుపెట్టి తళతళలాడే కార్బొరేటర్ ఫొటో మనకి చెప్పేది అమ్మేవాడి దగ్గర పాలిష్ చక్రం ఉందని మాత్రమే.

కాబట్టి చెయ్యాల్సిన మొదటి పని అడగడం. బిళ్ల మీది నంబరు ఎంత, కడ్డీ కదులుతోందా, గోపురం లోపలి గోడ ఫొటో ఒకటి పంపగలరా, ఇలా మర్యాదగా, క్లుప్తంగా అడగాలి. అడిగితే గుట్టు బయటపడుతుందని కొందరంటారు. అమ్మేవాడికి అంతవరకూ తెలియని విశేషం మన ప్రశ్నవల్లే తెలిసి, ఆ నంబరు ప్రకటనలో చేర్చేస్తే పోటీదార్లు పెరుగుతారని వాళ్ల భయం. ఆ భయం అకారణం కాదు. అయినా నా దృష్టిలో అడగడమే మేలు. పోటీ పెరిగితే మనం పోగొట్టుకునేది ఒక బేరం. తెలియకుండా పాడి నెగ్గితే పోగొట్టుకునేది డబ్బు, దానితోపాటు ఆ కారు ఎదురుచూసిన నెలలు. ఒక్క సందర్భంలో మాత్రం మౌనమే తగును. పెట్టె నిండా కలగాపులగంగా సామాను పోసి ఒకే పాటగా అమ్ముతున్నప్పుడు, ఆ కుప్పలో మనకి కావలసింది ఒక్కటి స్పష్టంగా కనిపిస్తూ ఉంటే, దాని మీది నంబరు ఫొటోలోనే చదవగలిగితే, అడిగి తెలుసుకోవలసింది ఏమీ మిగలదు. శీర్షికలో పేరు తప్పుగా రాసినవీ, వేరే విభాగంలో పడినవీ కూడా ఇలాంటివే. వాటిని వెతికి పట్టుకునే ఓపిక ఉన్నవాడికి పోటీ తక్కువ.

ఇప్పుడు విలువ మాట. ఒక స్పేర్ పార్టు విలువలో రెండు పాళ్లు కలిసి ఉంటాయి. ఒకటి మనకి మాత్రమే ఉండేది, రెండోది కొనే ఎవరికైనా ఉండేది. మొదటిదానికి రెండో ప్రపంచ యుద్ధం నాటి జీపుల కన్నా మంచి ఉదాహరణ లేదు. ఒకే నమూనా జీపుని విల్లీస్ కంపెనీ ఎమ్‌బీ పేరుతోనూ, ఫోర్డ్ కంపెనీ జీపీడబ్ల్యూ పేరుతోనూ తయారుచేశాయి. ఫోర్డ్ తన జీపుల్లో బోల్టు తలల మీద కూడా ఎఫ్ అన్న అక్షరం అచ్చు వేసింది. అదే మర, అదే పొడవు, అదే పని. అయినా ఫోర్డ్ జీపుని ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి రూపానికి తేవాలనుకునేవాడికి ఆ అక్షరం ఉన్న బోల్టే కావాలి, విల్లీస్ యజమానికి అది ఉండకూడదు. షెవర్లే ఇంజిన్ దిమ్మెల మీద పోత పోసిన నెలకి అక్షరం, రోజుకీ ఏడాదికీ అంకెలు ఉంటాయి; కారు తయారైన తేదీకి కాస్త ముందు తేదీ ఉన్న దిమ్మె ఆ కారువాడికి బంగారం, పక్కవాడికి మామూలు ఇనుము. ఇలాంటి పాటలో మనకి విలువ ఎక్కువ, పోటీదార్లకి తక్కువ. అక్కడ ధైర్యంగా ఎక్కువ అంకె చెప్పవచ్చు, ఎందుకంటే కట్టేది ఓడినవాడి అంకె ప్రకారమే. మన దేశంలో కూడా ఈ అసలుదనానికి ఇప్పుడు చట్టం దన్ను ఉంది. 2021 జూలైలో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వాహనానికి వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే అది మొదటి రూపంలో ఉండాలి. చాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు.

చిక్కంతా రెండో పాలుతోనే. అరుగుదల, పగుళ్లు, అసలుదా నకిలీదా అన్న సందేహం, ఇవి ఎవరు కొన్నా ఒకటే. నిజం ఒక్కటే ఉంది, కాని పాడుతున్న పదిమందీ పది రకాలుగా అంచనా వేస్తున్నారు. నెగ్గేది ఎవరు? అందరికన్నా ఎక్కువ అంచనా వేసినవాడు. అంటే చాలాసార్లు అందరికన్నా ఎక్కువ పొరబడినవాడు. అట్లాంటిక్ రిచ్‌ఫీల్డ్ కంపెనీ ఇంజినీర్లు కేపెన్, క్లాప్, క్యాంప్‌బెల్ మెక్సికో సింధుశాఖలో చమురు క్షేత్రాల పాటలు గమనించి 1971లో ఈ సంగతి బయటపెట్టారు. నెగ్గిన కంపెనీలకి అక్కడ ఊహించినంత లాభం రావడం లేదని వాళ్లు గుర్తించారు. 1983లో బేజర్‌మన్, శామ్యూల్సన్ అనే ఇద్దరు దీన్నే తరగతి గదిలో పరీక్షించారు. 8 డాలర్ల విలువైన చిల్లర నాణేలు సీసాలో పోసి విద్యార్థుల చేత పాడించారు. విద్యార్థుల సగటు అంచనా 5 డాలర్ల 13 సెంట్లు, అంటే జనం మొత్తం మీద తక్కువే ఊహించారు. అయినా నెగ్గిన పాటల సగటు 10 డాలర్ల 1 సెంటు. అందరూ జాగ్రత్తగానే ఉన్నా నెగ్గినవాడు మాత్రం 8 డాలర్ల వస్తువుకి 10 డాలర్లు ఇచ్చాడు. దీనికి గెలిచినవాడి శాపం అని పేరు పడింది. ఇలాంటి పాటల శాస్త్రాన్ని లోతుగా తవ్వినందుకే పాల్ మిల్‌గ్రమ్, రాబర్ట్ విల్సన్‌లకి 2020లో నోబెల్ వచ్చింది.

దీన్నుంచి ఒక ముఖ్యమైన మాట తేలుతుంది, అది మన సహజ బుద్ధికి ఎదురు నడుస్తుంది. పదిహేనుమంది పాడుతున్నారంటే సరుకు మంచిదై ఉంటుందని మనకి అనిపిస్తుంది. వాళ్లలో ఎవరూ దాన్ని చేతిలో పట్టుకుని చూడలేదు. చూసినవి మనం చూసిన నాలుగు ఫొటోలే. పదిహేనుమంది అంచనాల్లో అన్నిటికన్నా పెద్దది ఇద్దరి అంచనాల్లో పెద్దదాని కన్నా నిజానికి మరింత దూరంగా పోయే అవకాశం ఎక్కువ. కాబట్టి పరిస్థితి తెలియని పార్టుకి పోటీ పెరిగేకొద్దీ మన అంకె తగ్గాలి, పెరగకూడదు. అయితే తేదీ గుర్తులున్న ఇంజిన్ దిమ్మెలాంటి వాటిలో, నంబరు ఫొటోలో స్పష్టంగా ఉండి పగుళ్ల భయం లేనప్పుడు, ఇంతగా వెనక్కి తగ్గనక్కర్లేదు. ఏ పాటలో ఏ పాలు ఎక్కువో తేల్చుకోవడమే ఈ విద్యలో సగం.

లెక్క ఎలా ఉంటుందో అంకెలు ఊహించుకుని చూద్దాం. ఇంగ్లండులోనే ఉన్న ఎమ్‌జీబీ యజమానికి, పూర్తిగా బాగుచేసి బిగించడానికి సిద్ధంగా ఉన్న కార్బొరేటర్ల జత 600 పౌండ్ల విలువ చేస్తుందనుకుందాం. పాటలో ఉన్న జతకి బుష్‌లు, కొత్త కడ్డీలు, గ్యాస్కెట్లు, లేత్ పని అన్నీ కలిపి 150 అవుతుందనుకుందాం. పార్శిల్ ఖర్చు 30. ఫొటోలో కనపడని పగులుండి అసలు పనికే రాకుండా పోయే ప్రమాదం అయిదింట ఒక వంతు ఉందనుకుందాం. బాగుంటే మనకి మిగిలే విలువ 450. దానిలో అయిదింట నాలుగు వంతులు 360. పార్శిల్ తీసేస్తే 330. చాలామంది 600 నుంచి 150 తీసేసి, 450 దాకా పాడవచ్చనుకుంటారు. అసలు అంకె 330. పోటీ ఎక్కువగా ఉంటే గెలిచినవాడి శాపాన్ని ఉద్దేశించి ఇంకో 30 తగ్గించి 300 దగ్గర గీత గియ్యడం వివేకం. ఈ 600 అన్న మొదటి అంకె ఎక్కణ్నుంచి వస్తుందన్నది ప్రశ్న. ఎస్‌యూ పేరుతో కొత్త కార్బొరేటర్లు ఇప్పటికీ ఇంగ్లండులో సాలిస్‌బరీలోని బర్లెన్ సంస్థ తయారుచేస్తోంది. కొత్తదాని ధర పాతదాని మీద పైకప్పు. దాన్ని దాటి పాడేవాడికి బలమైన కారణం ఉండాలి. కింది హద్దు కోసం, ఈబేలో గత 90 రోజుల్లో నిజంగా అమ్ముడైన ధరలు చూడవచ్చు. ఇంకా అమ్ముడుపోని ప్రకటనల్లో రాసిన ధరలు అమ్మేవాళ్ల ఆశలు, వాటితో మనకి పనిలేదు.

మన దేశంలో ఉండి పాడేవాళ్లకి ఈ లెక్కలో ఇంకో రెండు వరసలు చేరతాయి. కస్టమ్స్ సుంకాన్ని వస్తువు ధర మీదే కాదు, రవాణా, బీమా కలిపిన మొత్తం మీద వేస్తారు. ఆ సుంకం మీద సర్‌ఛార్జి, ఇవన్నీ కూడిన మొత్తం మీద ఐజీఎస్టీ. బరువైన పార్టు విషయంలో రవాణా ఖర్చే వస్తువు ధరని మించిపోవచ్చు, దాని మీదా సుంకమే. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహనాల విడిభాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగినా మొత్తం భారం చిన్నది కాదు. ఇంతకన్నా ముఖ్యమైనది, వాడిన సామాను దిగుమతికి మన విదేశీ వాణిజ్య విధానంలో ఆంక్షలున్నాయి; అనుమతి కావలసి వస్తుందా అన్నది కస్టమ్స్ ఏజెంటుని పాటకి ముందే అడిగి తెలుసుకోవాలి. నెగ్గాక అడిగితే వస్తువు కార్గో గోదాములో, మనం బయట. అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉన్న చుట్టాల చిరునామాకి తెప్పించి, వచ్చేటప్పుడు తెమ్మనడం మనవాళ్లకి అలవాటే. దానికీ బ్యాగేజీ నిబంధనలు ఉంటాయి, ఎనిమిది కిలోల ఇనుముకి విమానంలో చోటు కావాలి. ఆ ఖర్చూ, ఆ మొహమాటమూ లెక్కలో వేసుకోవలసిందే.

ఇక ఈ వాదానికి ఎదురయ్యే ఆక్షేపణల్లో అన్నిటికన్నా బలమైనది చూద్దాం. పార్టు అరుదైనది, ఈసారి పోతే మళ్లీ దొరకదు, అలాంటప్పుడు కాగితం మీది గీత పట్టుకుని కూర్చోవడం మూర్ఖత్వం కాదా అని అడుగుతారు. ఒక్కోసారి నిజంగానే మళ్లీ దొరకదు. కాని దొరకదన్న మాటని ఎంతమంది పరీక్షించి చూశాక అంటున్నారు? 5 లక్షలకు పైగా తయారైన కారు పార్టు పాటకి మళ్లీ రాకపోవడం అసాధారణం. ఎమ్‌జీబీ బాడీషెల్‌నే బ్రిటిష్ మోటర్ హెరిటేజ్ సంస్థ పాత అచ్చులతో 1988 నుంచి కొత్తగా తయారుచేస్తోందంటే, చిన్న భాగాల సంగతి చెప్పనక్కర్లేదు. మన దగ్గర ఉన్న అరిగిన పార్టుని బాగుచేయించడం ఎంతవుతుందన్న ప్రశ్న కూడా చాలామంది వేసుకోరు. ఇవన్నీ చూశాక కూడా ఇది అరుదేనని తేలితే, ఆ అరుదుదనానికి ఎంత విలువ ఇవ్వాలో మొదటే అంకెలో కలుపుకోవాలి. 300 కాదు 700 అని రాసుకోవచ్చు, తప్పులేదు. నేను వద్దనేది ఆ నిర్ణయం పాట వేడెక్కాక, ఎదుటివాడు పాడిన ప్రతిసారీ కొత్తగా తీసుకోవడాన్ని. శుక్రవారం 300 విలువైన వస్తువు ఆదివారం రాత్రి ఎవడో 310 అన్నందుకు 340 విలువైనది కాలేదు.

ఇది ఒట్టి అనుమానం కాదు. ఉల్‌రికే మాల్‌మెండియర్, యంగ్ హాన్ లీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈబేలో ఒక బోర్డ్ గేమ్ పాటలని పరిశీలించారు. అదే ఆట, కొత్తది, అదే సైటులో, అదే సమయంలో, ఎప్పుడు కావాలంటే అప్పుడు కొనుక్కునే స్థిరధరకి దొరుకుతోంది. అయినా 42 శాతం పాటలు ఆ స్థిరధరని దాటిపోయాయి. పార్శిల్ ఖర్చు కూడా కలిపి చూస్తే దాటినవి 73 శాతం. పక్కనే ఉన్న ధర కూడా చూడకుండా పాటలో కొట్టుకుపోయేవాళ్లు ఇంతమంది ఉంటారు. పక్కన స్థిరధరే లేని పాత కారు పార్టుల దగ్గర ఇంకెలా ఉంటుందో ఆలోచించండి. మన బాలాపూర్ గణేశుడి లడ్డూ 1994లో 450 రూపాయలకి పలికింది, 2024లో 30 లక్షల వెయ్యి రూపాయలకి. అక్కడ పదిమంది ముందు పెద్ద మొత్తం పాడడమే భక్తికీ గౌరవానికీ గుర్తు. ఎక్కువ ఇచ్చినవాడు నష్టపోయాడని ఎవరూ అనరు. కార్బొరేటర్ పాటలో ఆ గౌరవం లేదు. పేరు కూడా చుక్కల వెనక దాగి ఉంటుంది. అయినా మనసు మాత్రం ఊరి నడుమ నిలబడి పాడుతున్నట్టే ప్రవర్తిస్తుంది, అదే ప్రమాదం.

గడియారం సంగతికి ఇప్పుడు వద్దాం. గీత గీసుకున్నాక, గడువు కచ్చితంగా ఉన్న పాటలో ఒకే ఒక్కసారి, ఆలస్యంగా, పూర్తి అంకెతో పాడాలి. దానివల్ల మూడు లాభాలు. మన పాట చూసి రెచ్చిపోయేవాళ్లకి రెచ్చిపోయే వ్యవధి ఉండదు. మనం ఎరిగినవాళ్లమైతే మన ఎరుక ఇతరులకి అందదు. మూడోది, అమ్మేవాడే దొంగపేరుతో పాడి మన అంకె ఎంతో తడిమి చూసే అవకాశం తగ్గుతుంది. ఇలాంటి దొంగపాట నేరం. తన వస్తువుల మీద తనే పాడుకున్న ఒక వ్యాపారికి 2010లో ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ కోర్టు 5,000 పౌండ్ల జరిమానా వేసింది. అతను అమ్మినవాటిలో ఒక మినీబస్సు కూడా ఉంది. ఆఖరి సెకనులో నెట్ మొరాయిస్తే అన్న సందేహం సహేతుకమైనదే. రాత్, ఒకెన్‌ఫెల్స్ కూడా ఆలస్యపు పాటలో కొన్ని అందకుండా పోతాయని గుర్తుచేశారు. దానికి విరుగుడు ఆఖరి సెకను కోసం కాచుకోకుండా పది పదిహేను సెకన్ల ముందు పాడడం. ఆ వ్యవధిలో మనిషి ఆలోచించి, కొత్త అంకె కొట్టి, ఖాయం చెయ్యడం కష్టమే. ఇంతా చేసి ఆలస్యపు పాట తెచ్చే లాభం ఎంత? ఎలీ, హొస్సేన్ అనే ఇద్దరు ఈబేలో తామే పాడి పరీక్షించి, లాభం ఉన్నమాట నిజమేగాని అది చిన్నదని తేల్చారు. అందుకే నేను దాన్ని రెండో స్థానంలో పెట్టాను.

గడువు జరిగే పాటల్లో ఈ కిటుకు అసలు పనిచెయ్యదు. బ్రింగ్ ఎ ట్రెయిలర్ అనే పాత కార్ల వేలం సైటులో చివరి రెండు నిమిషాల్లో ఎవరు పాడినా గడియారం మళ్లీ రెండు నిమిషాలకి పోతుంది. అక్కడ పాట ఊళ్లో వేలంలాగే ఎవరూ మాట్లాడనంతవరకూ సాగుతుంది. అందరూ ఎదురెదురుగా ఉన్నట్టే కాబట్టి వేడి అక్కడ మరీ ఎక్కువ. గీత లేనివాడు ఆ రెండేసి నిమిషాల్లో మెట్టు మెట్టుగా ఎక్కుతూ ఎక్కడ దిగాలో మరిచిపోతాడు. ప్రతి మెట్టూ చిన్నదిగానే కనిపిస్తుంది. గీత ఉన్నవాడికి మాత్రం ఈ సైటుకీ ఈబేకీ తేడా లేదు.

కొన్ని పార్టులకి ఎంత అంకె రాసుకోవాలన్న ప్రశ్నే రాకూడదు. ఎన్‌ఓఎస్ అని, అంటే ఆనాడే తయారై ఇంతవరకూ వాడకుండా పెట్టెలో ఉన్న సరుకని, గొప్పగా ప్రకటించే బ్రేక్ హోసులు, వీల్ సిలిండర్లు చూస్తుంటాం. పెట్టె మీద లూకస్ ముద్రో గర్లింగ్ ముద్రో మెరుస్తూ ఉంటుంది. లోపలి రబ్బరు మాత్రం నలభై ఏళ్లుగా ముసలిదవుతూనే ఉంది. సిలిండరుని విప్పి కొత్త సీళ్లు వేసి వాడొచ్చు, ఆ ఖర్చు లెక్కలో వెయ్యాలి. హోసుని ఏం చేసినా వాడకూడదు. అల్లాయ్ చక్రాల విషయం కూడా ఇంతే. 1966లో పోర్షే 911ఎస్‌తో వచ్చిన ఫుక్స్ చక్రాల వెనకవైపు పార్టు నంబరూ తేదీ అచ్చులూ ఉంటాయి, సేకరించేవాళ్లకి అవి ప్రాణం. కాని పగులుకి వెల్డింగ్ పెట్టి, పాలిష్ చేసి అమ్మేది కూడా ఆ చక్రాన్నే. వెనకవైపు ఫొటో లేని చక్రానికి, ఏ తేదీ ముద్ర ఉన్నా, పాడకపోవడమే మంచిది.

ఓడిన పాటకి ఒక్కోసారి తోక ఉంటుంది. నెగ్గినవాడు డబ్బు కట్టకపోతే, లేదా తన దగ్గర అలాంటిదే ఇంకొకటి ఉంటే, అమ్మేవాడు రెండో స్థానంలో ఉన్న మనకి మన ఆఖరి అంకెకే వస్తువు ఇస్తానని కబురు పంపవచ్చు. అప్పుడు ఎగిరి గంతేసి ఒప్పుకోవడం కన్నా, పాట చరిత్ర తెరిచి చూడటం మంచిది. మనల్ని దాటి పాడినవాడు ఈ అమ్మకందారు వస్తువుల మీదే పదే పదే పాడుతున్నాడా? ఎప్పుడూ ఏదీ నెగ్గకుండా మిగిలిపోతున్నాడా? అలాగైతే మన అంకెని మనకి తెలియకుండా పైకి తోసింది అతనే కావచ్చు. అలాంటి జాడ లేకపోతే, నెగ్గినవాడు వద్దన్న కారణం ఏమిటో అడగవచ్చు, మొదట దొరకని ఫొటోలు ఇప్పుడు అడగవచ్చు. పాట నడుస్తున్నప్పుడు మన మాటకి తీరిక లేని అమ్మకందారు ఈసారి జవాబిస్తాడు. కడ్డీ కదులుతోందో లేదో ఒక చిన్న వీడియో తీసి పంపమంటే పంపుతాడు. అది చూశాక, మన కాగితం మీది అంకెలో అయిదింట ఒక వంతు ప్రమాదానికి తగ్గించిన భాగాన్ని తిరిగి కలపాలో, ఇంకా తగ్గించాలో నిర్ణయించుకోవచ్చు.